గొంతులో ముద్ద నిలిచినప్పుడు

రెండు సంవత్సరముల క్రిందట సంక్రాంతి పండుగకు దివిసీమలోని మా మేనమామగారి ఊరికి వెళ్లినాను. అవనిగడ్డకు దిగువన, కాలువల చివర ఉన్న పల్లె అది. మామయ్యకు అప్పటికి 62 ఏండ్లు. వ్యవసాయము ఆయన జీవనోపాధి, పద్యము ఆయన ప్రాణము. యౌవనమున కృష్ణుని వేషము కట్టి రాయబారము నడిపినవారు. ఆయన రాగము తీసినచో రచ్చబండ మీద కూర్చున్నవారు చుట్ట ఆరిపోయిన సంగతి కూడ మరచిపోయెడివారని మా అమ్మ చెప్పుచుండెడిది.

ఆనాడు భోజనమునకు కూర్చున్నాము. గారె ముక్క నోట పెట్టుకొని మామయ్య ఒక్క క్షణము ఆగినారు. మంచినీళ్ల గ్లాసు అందుకొన్నారు. కండ్లలో నీరు తిరిగినది.

"పొలమారిందా మామయ్యా?" అని అడిగినాను.

"ఏం లేదురా అల్లుడూ. ఈమధ్య ముద్ద కాస్త నిదానంగా దిగుతోంది, అంతే," అని నవ్వి, పప్పు వంక చూడకుండనే అన్నములో మజ్జిగ పోసికొన్నారు.

అత్తయ్య తలుపు దగ్గర నిలిచి, "దసరా నుంచీ ఇదే వరస," అన్నది.

నేను వైద్యుడను కాను. గొంతును నమ్ముకొని బ్రతుకు రేడియో ఉద్యోగిని. కాని ఆ పండుగనాటి మజ్జిగ మొదలుకొని తరువాత ఎనిమిది నెలలపాటు మామయ్య వెంట ఆసుపత్రులు తిరిగి, డాక్టర్లను విసిగించి అడిగి తెలిసికొన్న సంగతులు కొన్ని ఉన్నవి. అన్నవాహిక పైభాగమున పుట్టు కాన్సరును చిత్రములద్వారా ఎట్లు కనుగొందురో, ఏ చిత్రము ఏమి చెప్పునో, ఏమి చెప్పజాలదో నేడు మీతో ముచ్చటింపదలచినాను.

ముందుగా ఒక సందేహము. దసరా నుండి ముద్ద దిగకున్నను మనిషి సంక్రాంతి వరకు ఊరకుండుట ఎట్లు సాధ్యము? దివిసీమ రైతుకు ఇది తేలికగా బోధపడును. కాలువలో గుర్రపుడెక్క మొదట ఒక ఒడ్డున పట్టును. నీరు పారుచునే యుండును. లస్కరు కూడ పట్టించుకొనడు. సగము కాలువ పూడిన తరువాత కాని శివారు చేనికి నీరందలేదన్న కేక వినబడదు. అన్నవాహికయు అట్టిదే. అది గట్టి గొట్టము కాదు, సాగెడి కండరపు సంచి. ముద్ద వచ్చినప్పుడు విప్పారి దారి ఇచ్చును. లోపల దారి సుమారు 13 మిల్లీమీటర్లకు కుదించుకొనిపోయిన తరువాతనే సాధారణముగా గట్టి ఆహారము అడ్డుపడుట ఆరంభమగును. అప్పటికి వ్యాధి పుట్టి ఎంతో కాలమై యుండును. దీనికి తోడు మనిషి తనకు తెలియకుండనే సర్దుకొనుచు పోవును. గారె మానును, పప్పన్నము మానును, మజ్జిగన్నమునకు దిగును, పిదప గంజికి దిగును. ఇంటివారు అరుగుదల తగ్గినదనుకొందురు. వయసు మీరినదనుకొందురు. మన పెద్దలు కాన్సరును రాచపుండనెడివారు. పుండన్న పేరు విని నొప్పి కొరకు ఎదురు చూచువారు మోసపోవుదురు. ఈ వ్యాధి మొదట నొప్పి పెట్టదు.

మామయ్య మొదట బందరు వెళ్లలేదు. పండుగ వెళ్లిన తరువాత గుడివాడలోని కూతురి ఇంటికి వెళ్లినప్పుడు ఒక వైద్యునికి చూపించుకొన్నారు. ఆ వైద్యుడు రొమ్ముకు ఎక్స్‌రే తీయించి, గుండె పరీక్ష చేయించి, రెంటిలోను దోషము లేదని చెప్పి, పుల్లత్రేపులకు మందు వ్రాసి ఇచ్చినాడు. ఇంటిల్లిపాదియు సంతోషించినారు. "ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు" అన్న మాట మా బంధువుల ఇండ్లన్నింటికి ఫోనులో చేరినది. ఆరు వారములు గడచిపోయినవి. నాకు ఇప్పటికిని మనసున ముల్లువలె గ్రుచ్చుకొను వారములవి. ఆ ఎక్స్‌రే అబద్ధము చెప్పలేదు. ఊపిరితిత్తులు ఎట్లున్నవని దానిని అడిగినారు, బాగున్నవని అది చెప్పినది. అన్నవాహిక మెత్తని కండరము. ఖాళీగా ఉన్నప్పుడు ముడుచుకొని వెన్నెముక ముందు అణగియుండును. సామాన్యపు ఎక్స్‌రేలో దానికి నీడయే ఉండదు. అడుగని ప్రశ్నకు బదులు వచ్చినదని మేము భ్రమపడినాము.

నీడ లేనిదానికి నీడ కల్పించు ఉపాయము కనుగొన్న కథ చిత్రమైనది. జర్మనీలోని వుర్ట్‌స్‌బర్గ్ నగరమున రాంట్‌జెన్ పండితుడు 1895 నవంబరులో ఎక్స్‌కిరణములను కనుగొన్నాడు. మరుసటి సంవత్సరమే అమెరికాలోని హార్వర్డు విశ్వవిద్యాలయమున వాల్టర్ కానన్ అను వైద్యవిద్యార్థి, ఇంకను మొదటి సంవత్సరము చదువుచు, ఒక పెద్దబాతును తెచ్చి దానిచేత బిస్మతు చూర్ణము నింపిన గొట్టపు మాత్రను మ్రింగించినాడు. బిస్మతు బరువైన లోహము. కిరణములు దానిని దాటిపోలేవు. అందుచేత ఆ పొడవాటి మెడలో మాత్ర దిగుచున్న తీరు తెరమీద నల్లని చుక్కవలె కనబడినది. మ్రింగుట అను క్రియను ప్రాణమున్న దేహములో కండ్లారా చూచిన తొలిరోజులవి. కోతలైన తరువాత మన డెల్టా పొలములలో బాతుల మందలు మెడలెత్తి గింజలు మ్రింగుచుండుట చూచినప్పుడెల్ల నాకు ఆ విద్యార్థి గుర్తుకు వచ్చును. ఎన్నుకొనిన జంతువు ఎంత చక్కనిది!

1910 ప్రాంతమున బిస్మతునకు బదులుగా బేరియం సల్ఫేటు వాడుకలోనికి వచ్చినది. బేరియపు లవణములలో నీట కరగునవి విషములు. ఇది నీట కరగదు, రక్తములో కలియదు, వచ్చిన దారినే బయటకు పోవును. బందరులో మామయ్యకు చేసిన పరీక్ష ఇదియే. సుద్ద కలిపిన మజ్జిగవలె ఉన్న ద్రవమును గ్లాసులో ఇచ్చి, యంత్రము ముందు నిలువబెట్టి, చెప్పినప్పుడు మ్రింగుమన్నారు. కంఠభాగమున గుటక ఒక్క క్షణమైనను నిలువదు. కన్ను మూసి తెరచునంతలో జారిపోవును. అందుచేత అక్కడ ఒక్క బొమ్మ చాలదు, వెంటవెంట అనేకము తీయవలెను. ఎదుటినుండి తీయవలెను, ప్రక్కనుండియు తీయవలెను. ప్రక్కనుండి తీయునప్పుడు భుజములు అడ్డు వచ్చును. మామయ్యను చేతులు క్రిందికి లాగి పట్టుకొమ్మని, ఒకమారు ఇటు తిరుగుమని, ఒకమారు అటు తిరుగుమని చెప్పుచుండగా, "కృష్ణుడి వేషం కట్టినప్పుడు కూడా ఇన్ని భంగిమలు పెట్టలేదు," అని ఆయన నవ్వించినారు.

బొమ్మ చూచిన తరువాత ఎవ్వరును నవ్వలేదు. గొంతు గుంట వెనుక, తెల్లని ధార ఉన్నట్లుండి సన్నగిల్లినది. అంచులు నునుపుగా లేవు, ఎలుక కొరికిన గుడ్డవలె ఉన్నవి. సన్నని దారికి పైన ధార ఉబ్బి ఆగినది. నునుపుగా క్రమముగా సన్నబడినచో వేరు కారణములు ఉండవచ్చును. ఇట్లు హఠాత్తుగా, గరుకుగా ఇరుకైనచో కాన్సరును అనుమానింపవలెను. అనుమానమే సుమా, నిర్ణయము కాదు.

ఇక్కడ ఆ ప్రదేశమును గూర్చి కొంచెము చెప్పవలెను. అన్నవాహిక పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. స్వరపేటిక ముగియుచోట అది మొదలగును. ముందుపండ్ల నుండి కొలిచినచో 15 సెంటీమీటర్ల దూరము. అక్కడినుండి రొమ్ము ఎముక పైగుంట వరకు, సుమారు 5 సెంటీమీటర్లు, మెడలోని భాగము. వ్రేలెడు పొడవు లేదు. కాని దాని ఇరుగుపొరుగును చూడుడు. ముందు ప్రక్క ఆనుకొని శ్వాసనాళము, పైన స్వరపేటిక, ఇరుప్రక్కల సందులలో దారమువలె సన్నని స్వరనాడులు, వెనుక వెన్నెముక. పొట్టకు, ప్రేగులకు ఉన్నట్లు అన్నవాహికకు బయట పలుచని కవచపు పొర లేదు. లోపల పుట్టిన వ్యాధి గోడ దాటుట తేలిక. దాటినచో ముందుగా తగులునది ఊపిరి దారి, లేక మాట దారి. మ్రింగుట కష్టమగుటతో పాటు గొంతు బొంగురుపోయినను, మంచినీరు త్రాగిన ప్రతిమారు దగ్గు వచ్చినను డాక్టర్లు తొందరపడుట ఇందుకే.

మరియొక వింత. ముద్ద ఎక్కడ ఆగినదో రోగి వ్రేలితో చూపును, కాని ఆ వ్రేలు ఒక్కొక్కప్పుడు పొరబడును. పొట్ట దగ్గర అడ్డున్నను కంఠములో పట్టినట్లు తోచవచ్చును. కనుక వ్రేలు చూపినచోట మాత్రమే చూచి ఊరకుండరాదు, గొట్టమంతయు చూడవలెను.

తరువాతి మెట్టు ఎండోస్కోపి. 1868లో కుస్‌మౌల్ అను జర్మను వైద్యుడు కత్తులు మ్రింగు గారడీవానిని పిలిపించి అతని గొంతులోనికి నిలువు గొట్టము దింపి అన్నవాహికలోనికి చూడ యత్నించినాడట. తిరునాళ్లలో కత్తి మ్రింగువానిని మనమును చూచినాము, కాని వానివలన వైద్యమునకు ఉపకారము జరుగునని తలచినామా? తిన్నని గొట్టము వంగదు, లోపల వెలుగు చాలదు. ఆ చిక్కును విప్పినవారిలో మన దేశస్థుడు ఒకడు. పంజాబులో పుట్టిన నరీందర్ సింగ్ కపానీ లండనులో హాప్‌కిన్సుతో కలిసి వెంట్రుకవంటి గాజుపోగుల కట్టద్వారా వంపులలోనుండియు బొమ్మను పంపవచ్చునని 1954లో ప్రకటించినాడు. 1957 నాటికి అమెరికాలో హిర్షోవిట్జ్ ఆ పోగులతో వంగెడి గొట్టము చేసి జీర్ణకోశమును చూచినాడు. ఇప్పటి గొట్టముల కొనకు గాజుపోగులకు బదులుగా చిన్న కెమెరా ఉండును.

ఈ గొట్టమునకు కూడ పైభాగమే కష్టము. గొంతుదగ్గర బిగువైన కండరము వలయమువలె మూసికొని యుండును. అది విప్పుకొనగానే గొట్టము గభాలున లోనికి జారును. జారు వేగములో ఆ మొదటి అంగుళములే చూపు తప్పిపోవును. అనుభవజ్ఞుడైన డాక్టరు తిరిగి బయటకు లాగునప్పుడు అక్కడ నిదానించి చూచును. చిన్నచిన్న మచ్చలను పట్టుటకు అయోడిన్ చల్లు పద్ధతి ఉన్నది. ఆరోగ్యమైన పొర గోధుమరంగునకు మారును, చెడిన చోటు పాలిపోయి నిలుచును. గొంతుకు మరీ చేరువైనచోట ఆ ద్రావణము ఊపిరి దారిలోనికి జారునేమోయను జంకుచేత పలువురు నీలి, ఆకుపచ్చ కాంతులతో చూచెదరు. ఆ కాంతిలో చెడ్డ రక్తనాళములు నల్లగా బయటపడును.

ఎండోస్కోపిలోనే చిన్న ముక్క తీసి సూక్ష్మదర్శిని క్రింద చూచెదరు. ఎన్ని బొమ్మలున్నను కాన్సరని తేల్చి చెప్పునది ఆ ముక్కయే. మా అత్తయ్య ఇక్కడ అడ్డుపడినది. "ముక్క కోస్తే రోగం రేగుతుందంటారు, వద్దండీ," అన్నది. ఈ భయము మన పల్లెలలో బలముగా ఉన్నది. ముక్క తీయుటవలన వ్యాధి రేగదు. ముక్క తీయుటకు జంకి గడపిన కాలమున అది తనంతట తానే పెరుగును. బందరు డాక్టరు ఆమెను కూర్చుండబెట్టి పది నిమిషములు ఓపికగా చెప్పినాడు. ఆ పది నిమిషములు మందుకంటె తక్కువ కావు.

వారము దాటిన పిదప జాబు వచ్చినది. కాన్సరే. ఇక రెండవ ప్రశ్న: ఎంతవరకు ప్రాకినది?

దీనికొరకు నగరమునకు వెళ్లి సి.టి. చిత్రము తీయించినాము. రేడియోవాడను కనుక ఇక్కడ ఒక ముచ్చట చెప్పక మానలేను. ఈ యంత్రమును నిర్మించిన హౌన్స్‌ఫీల్డ్ పనిచేసినది ఇ.ఎం.ఐ. అను సంస్థలో. కుక్క బొమ్మతో మన ఇండ్లలోనికి గ్రామఫోను రికార్డులు పంపిన హిస్ మాస్టర్స్ వాయిస్ వారిదే ఆ సంస్థ. 1971లో లండనులో మొదటి రోగి మెదడును ఆ యంత్రము చూచినది. 1979లో హౌన్స్‌ఫీల్డునకు, కార్మాకునకు కలిపి నోబెల్ బహుమానము ఇచ్చినారు. పాటలు వినిపించినవారే శరీరమును పొరలుపొరలుగా చూపించినారు.

బేరియపు బొమ్మ గొట్టము లోపలి దారిని చూపును. సి.టి. గోడను, గోడ అవతలి పొరుగువారిని చూపును. అన్నవాహిక గోడ 5 మిల్లీమీటర్లకు మించి దళసరియైనచో అనుమానింతురు. శ్వాసనాళమునకు, దానికి నడుమ ఉండవలసిన సన్నని క్రొవ్వుగీత చెరిగినదా, మెడలో గ్రంథులు వాచినవా, ఊపిరితిత్తులలో, కాలేయములో మచ్చలున్నవా అని వెదకుదురు. భుజముల ఎముకలు ఇక్కడను చారలు కల్పించి చికాకు పెట్టును. శ్వాసనాళమును తాకినదా, తొలిచినదా యని సి.టి. ఒక్కొక్కప్పుడు తేల్చలేదు. అప్పుడు శ్వాసనాళములోనికే చిన్న గొట్టము దింపి చూడవలసి యుండును. ఎండోస్కోపు కొనకు శబ్దతరంగముల పరికరము అమర్చి గోడలోని పొరలు లెక్కించు పద్ధతి మిక్కిలి నిశితమైనది. మామయ్య విషయమున దారి ఇరుకగుటచేత అది లోనికి పోలేదు.

పిదప పెట్ చిత్రము. వ్యాధికణములు చక్కెరను ఆబగా తినును. ఆ స్వభావమే వాటిని పట్టి ఇచ్చును. కిరణములు వెలువరించు ఫ్లోరిన్ చేర్చిన చక్కెరను నరములోనికి ఎక్కింతురు. అది పోగైనచోట యంత్రమున మెరుపు కనబడును. ఆ ఫ్లోరిన్ సుమారు 110 నిమిషములలో సగమైపోవును. సైక్లోట్రాను యంత్రములో వండిన దానిని వెంటనే వాడవలసినదే, కొట్టులో నిలువ ఉంచు మందు కాదు. పెట్ పరీక్షకు పల్లెవారు పెద్ద నగరములకు పోవలసి వచ్చుటకు ఇదియొక కారణము. మెరసినదెల్ల కాన్సరు కాదు, వాపు కూడ మెరయును. అందుచేత దీనిని కూడ మిగిలిన బొమ్మల ప్రక్కన పెట్టి చదువవలెను.

ఇన్ని బొమ్మలు ఎందుకని మామయ్య అడిగినారు. అడుగవలసిన ప్రశ్నయే. నగరములోని డాక్టరు చెప్పిన సమాధానము విని నా గొంతు ఎండినది. అన్నవాహిక దిగువ భాగమున వ్యాధి ఉన్నచో కోసి తీసివేయుట తరచుగా జరుగును. మెడలోని భాగమును పూర్తిగా కోయవలసి వచ్చినచో పెక్కుమారులు స్వరపేటికను కూడ తీయవలసి వచ్చును. మనిషి బ్రతుకును, మాట పోవును. అందుచేత నేడు ఈ భాగమునకు కిరణచికిత్సను, మందులను కలిపి ఇచ్చుటయే చాలమందికి మొదటి మార్గము. కాని కిరణములను ఎక్కడినుండి ఎక్కడివరకు పారించవలెను? ఏ గ్రంథిని కలుపవలెను? వెన్నుపామును ఎట్లు తప్పించవలెను? ఆ ఎల్లలు గీయునవి ఈ బొమ్మలే. పొలము గట్టు తెలియక నీరు పెట్టినచో ఏమగునో మామయ్యకు వేరుగా చెప్పనక్కరలేదు.

"అయితే పద్యం ఉంటుందంటారా?" అని మాత్రము అడిగినారు.

"ఉంచడానికే చూస్తున్నామండి," అన్నాడు డాక్టరు.

వేడినీట మెత్తబడు ప్లాస్టిక్ వలతో ఆయన ముఖమునకు, మెడకు ముసుగు చేసినారు, కదలకుండుటకు. వారమునకు ఐదు రోజులు చొప్పున, ఆరు వారములు. ముక్కుగుండా వేసిన గొట్టముతో ఆహారము. దివిసీమనుండి రోజు వచ్చిపోవుట వల్లకాదు కనుక మా ఇంటనే ఉన్నారు. 2007లో ఆరంభమై తరువాత పేరు మారుచు వచ్చిన ఆరోగ్యశ్రీ పథకము ఖర్చులో పెద్దభాగము మోసినది. ఒకప్పుడు మన ప్రాంతమువారు ఈ వ్యాధికి 1954లో వెలసిన మద్రాసు అడయారు సంస్థకు పోయెడివారు. గుడివాడ ప్రాంతమున నిమ్మకూరులో పుట్టిన నందమూరి తారకరామారావుగారి సతీమణి బసవతారకమ్మగారు 1985లో కాన్సరుతోనే కన్నుమూసినారు. ఆమె పేర హైదరాబాదులో ఆసుపత్రి 2000లో తెరచినారు. బందరులో ప్రభుత్వ వైద్యకళాశాల 2023లో ఆరంభమైనది. దూరములు తగ్గుచున్నవి, కాని తొలి ఆరు వారములు పోగొట్టుకొన్నవారికి ఏ దూరమును తగ్గదు.

చికిత్స ముగిసిన వెంటనే మరల బొమ్మ తీయలేదు. కిరణముల వేడికి వాచిన చోటు కూడ వ్యాధివలె మెరయునని కొన్ని వారములు ఆగినారు. ఆ వారములు ఇంటిలో ఎవ్వరును గట్టిగా మాటాడలేదు. తరువాత తీసిన సి.టి.లో గోడ పలుచబడినది, ఎండోస్కోపిలో వ్యాధి కనబడలేదు. ఐనను మొదటి సంవత్సరములు గడచువరకు మధ్యమధ్య పరీక్షకు రావలెనన్నారు. ఈ నెలాఖరున మరియొక పరీక్ష ఉన్నది.

కారణములను అడిగెడివారి కొరకు ఒక మాట. పొగాకు, మద్యము ఈ వ్యాధికి ముఖ్యమైన మిత్రులు. రెండును కలిసినచో ప్రమాదము మరింత. మామయ్య లంకపొగాకు చుట్ట నలువది ఏండ్లు కాల్చినారు. 65 డిగ్రీలకు మించిన సలసల కాగు పానీయములు కూడ బహుశః కారణము కాగలవని 2016లో ప్రపంచ ఆరోగ్యసంస్థకు చెందిన పరిశోధనాసంఘము ప్రకటించినది. పొగ త్రాగని స్త్రీలకు కూడ ఒక ప్రత్యేకమైన చిక్కు కలదు. రక్తహీనత చిరకాలము ఉన్నచో అన్నవాహిక మొదట పలుచని పొర సాలెగూడువలె అడ్డము పెరుగును. 1919లో పాటర్సన్, బ్రౌన్ కెల్లీ అను ఇద్దరు బ్రిటిష్ వైద్యులు దీనిని వర్ణించినారు. అది కాన్సరు కాదు, కాని ఉపేక్షించినచో కొందరిలో అటు దారితీయును.

మామయ్య చుట్ట మానినారు. బేరియపు ఫిల్మును మాత్రము పారవేయలేదు. సాయంకాలము అరుగుమీద కూర్చుండి దానిని ఆకాశమునకు పట్టి వచ్చినవారికెల్ల చూపెట్టుచుందురు. "ఇదిగో, ఇక్కడ సన్నమైంది చూడు. గుడివాడలో తీసిన దాంట్లో ఇది కనపడలేదు, తెలుసా?" అని. క్రిందటి వేసవిలో ఆ ఫిల్మును చూచి పొరుగువీధి ఆమె ఒకతె, నాట్లు వేసి పొట్ట పోసికొనునది, తనకును ఉప్పుడు పిండి దిగుట లేదని, ఏడాదిగా ఎవ్వరికిని చెప్పలేదని మెల్లగా చెప్పినదట. మామయ్యయే కొడుకు మోటారు సైకిలు మీద ఆమెను, ఆమె భర్తను పులిగడ్డ వరకు పంపి అక్కడ బందరు బస్సు ఎక్కించినారు. ఆమెకు కనబడినది సాలెగూటి పొర మాత్రమే. ఎండోస్కోపితో దానిని సాగదీసినారు, ఇనుము మాత్రలు ఇచ్చినారు. ఇప్పుడు అన్నము తినుచున్నది.

మొన్న నేను వెళ్లినప్పుడు మామయ్య పద్యము ఎత్తుకొన్నారు. పూర్వపు శ్రుతి అందలేదు. రెండు మెట్లు దించి, నడుమ ఒకమారు నీరు త్రాగి, పూర్తిచేసినారు.